హొరేసు వాల్పోలు – ఒక ఆంగ్లపదము యొక్క జన్మకథ

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పైతరగతివారికి ఆంగ్లపాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, సెరెండిపిటీ యను మాటకు అర్థమేమని యడిగెను. గంట కొట్టుటకు రెండు నిమిషములు మాత్రమే మిగిలియుండెను. అదృష్టమని చెప్పి పాఠము ముగించితిమి. ఆతడు తన నోటుపుస్తకములో ఆ మాట యెదుట అదృష్టమని వ్రాసికొనుటయు చూచితిమి. ఆ రాత్రి మరియొక మాట కొరకు నిఘంటువు తిరుగవేయుచుండగా, వెదకుచున్నది దొరకక మునుపే వెదకని యీ మాట కంటబడెను. చదివి సిగ్గుపడితిమి. మేము చెప్పినది సగమర్థము; ఆ సగమైనను ముఖ్యమైన సగము కాదు.

మాటలకు తండ్రులెవరో సాధారణముగా ఎవరికిని తెలియదు. అవి జనుల నోళ్లలో పుట్టి, జనుల నోళ్లలో పెరుగును. ఈ మాట సంగతి యట్లు గాదు. దీనికి తండ్రి పేరు కలదు; పుట్టిన తేదీయు కలదు. 1754వ సంవత్సరము జనవరి 28వ తేదీన హొరేసు వాల్పోలను ఆంగ్లేయుడు, ఇటలీ దేశములోని స్నేహితునకు వ్రాసిన యుత్తరములో దీనిని కల్పించెను. ఆ మాటను ఎరుగవలెనన్నచో ఆ మనుష్యుని గూర్చి కొంత తెలిసికొనుట మంచిది.

హొరేసు వాల్పోలు 1717 సెప్టెంబరు 24వ తేదీన లండను నగరమున జనించెను. తండ్రియైన సర్ రాబర్టు వాల్పోలును ఇంగ్లండు దేశపు మొదటి ప్రధానమంత్రిగా చరిత్రకారులు లెక్కింతురు. ఆయన 1721 మొదలు 1742 వరకు రాజ్యభారము వహించెను. హొరేసు కడగొట్టు బిడ్డ, శైశవమునుండియు దుర్బలుడు. పదవ యేట ఈటన్ పాఠశాలలో చేరెను. అచ్చట తన యీడువాడగు థామసు గ్రే యను బాలునితో స్నేహమయ్యెను. ఆ గ్రేయే పిమ్మట మహాకవి యయ్యెను. 1735లో వాల్పోలు కేంబ్రిడ్జిలోని కింగ్సు కళాశాలలో ప్రవేశించెను గాని పట్టము పుచ్చుకొనకయే వెడలెను. గణితమున ఆయనకు గల ప్రజ్ఞను గూర్చి యొక ముచ్చట కలదు. అంధుడయ్యును గణితాచార్యుడై ప్రసిద్ధికెక్కిన సాండర్సను వద్ద పాఠములకు చేరెనట. రెండు వారములు గడచునప్పటికి ఆ యాచార్యుడు, ఈ పిల్లవానికి గణితము రాదనియు, తాను సొమ్ము పుచ్చుకొనుట మోసమగుననియు చెప్పివేసెనట. వాల్పోలు ఏడ్చెను. గణితపు పరీక్షలో మా విద్యార్థులు కొందరు పొందిన దుఃఖమునకు ఇంత గొప్ప తోడు కలదని చెప్పుటకే దీనిని వ్రాసితిమి గాని, ఆదర్శముగా గాదు.

ఇంకొక విషయమును దాచుట న్యాయము గాదు. వాల్పోలు తన జీవనమునకై ఎన్నడును పాటుపడలేదు. తండ్రి ఆయనకు కౌమారముననే ప్రభుత్వపు ఖజానాలో ఉద్యోగములు కొన్ని యిప్పించెను. పని చేయుటకు గుమాస్తాలుండిరి. జీతము మాత్రము యజమానికి జేరుచుండెను. నాటి ఇంగ్లండులో అది తప్పుగా నెంచబడలేదు. ఆయన తీరికయు, చిత్రపటములును, చిన్న కోటవంటి యిల్లును, వేలకొలది యుత్తరములును ఈ సొమ్ముమీదనే నిలిచినవి.

1739లో గ్రేతో గూడి ఫ్రాన్సు, ఇటలీ దేశముల యాత్రకు బయలుదేరెను. ఆల్ప్సు పర్వతములు దాటునప్పుడు ఆయన ముద్దుగా పెంచుకొనుచున్న చిన్నకుక్కను పట్టపగలు, బండి ప్రక్కనుండియే, తోడేలొకటి యెత్తుకొనిపోయెను. ఫ్లారెన్సు నగరమున బ్రిటిషు ప్రభుత్వపు ప్రతినిధిగా నున్న హొరేసు మాన్ అనునాతని యింట చాలకాలము విడిదిచేసిరి. 1741లో స్నేహితులిద్దరికిని కలహము సంభవించి గ్రే వేరుగా పోయెను. నాలుగేండ్లకు మరల కలిసిరి. తప్పు తనదేయని వాల్పోలు పిమ్మట ఒప్పుకొనెను. ఇతడు మంత్రి కుమారుడు, అతడు సామాన్యుని కుమారుడు. దారి పొడవునను ఆ భేదము జ్ఞాపకము రాకుండ నడచుకొనుట ఇరువదేండ్ల వయస్సున సులభము గాదు.

మానుతోడి స్నేహము మాత్రము విచిత్రమైనది. 1741లో ఫ్లారెన్సు విడిచిన తరువాత వాల్పోలు ఆయనను మరల కన్నులజూచి యెరుగడు. అయినను 1786లో మాన్ మరణించువరకు, నలువదియైదు సంవత్సరములు, ఇద్దరును ఉత్తరములు వ్రాసికొనుచుండిరి. తన యుత్తరములు భావికాలమువారికి చరిత్రగా పనికివచ్చునని వాల్పోలు ఎరిగియుండెను. అందుచేత వానిని అప్పుడప్పుడు మూటగట్టించి తిరిగి తెప్పించుకొని దాచుచుండెను. ఆయన యుత్తర ప్రత్యుత్తరములన్నియు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారు 1937 మొదలు 1983 వరకు 48 సంపుటములుగా ప్రకటించిరి.

ఇరువదియారేండ్లకు పైగా పార్లమెంటు సభ్యుడుగా నుండెను గాని రాజ్యకార్యములలో ఆయన చేసినది స్వల్పము. 1757లో నౌకాధిపతి బింగు మరణదండనకు పాత్రుడైనప్పుడు ఆయన ప్రాణము కాపాడుటకు పాటుపడిన కొలదిమందిలో వాల్పోలొకడు. ఆఫ్రికావాసులను పట్టి బానిసలుగా నమ్ము వ్యాపారమును 1750లోనే తన యుత్తరమున గర్హించెను. నాటి ప్రభువర్గములో ఆ మాట యనువారు అరుదు.

లండనునకు సమీపమున థేమ్సు నదీతీరమందలి ట్విక్నాము గ్రామమున 1747లో ఒక చిన్న యిల్లు అద్దెకు పుచ్చుకొని, తరువాత కొని, దానికి స్ట్రాబెరి హిల్ అని పేరిడెను. ఏటేట గదులు, గోపురములు చేర్చి ప్రాచీన గాథిక్ రీతిలో దానిని చిన్న కోటగా మార్చెను. లోపల చిత్రపటములు, నాణెములు, గాజుపాత్రలు, వంశచిహ్నములు నింపెను. 1757లో అచ్చటనే ముద్రణాలయము స్థాపించి మొట్టమొదట గ్రే గీతములను అచ్చువేయించెను. ఇంటిని చూడవచ్చు జనులు మిక్కుటమగుటచే చీటీలిచ్చి దినమునకు నలుగురినే లోనికి రానిచ్చుచుండెను. పిల్లలను వెంటబెట్టుకొని రావలదని నియమపత్రమున అచ్చువేయించెను. గాజుపాత్రల నడుమ మా ప్రాథమిక తరగతులవారిని ఊహించుకొన్నచో ఆయనను తప్పుపట్ట మనసొప్పదు.

యాదృచ్ఛికమనగా నేమో ఆయనకు బాగుగా తెలియును. 1749 నవంబరులో ఒకనాటి రాత్రి హైడ్ పార్కు గుండా బండిలో వచ్చుచుండగా దొంగలిద్దరు అడ్డగించిరి. ఒకని చేతిలోని పిస్తోలు తనంత తానే ప్రేలి, గుండు వాల్పోలు కంటి క్రింది చర్మమును గీచుకొనుచు బండి కప్పును తూట్లు పొడిచి పోయెను. అంగుళము తేడా వచ్చినచో ఆయన లేడు. ఆ మాటయు లేదు. దొంగ ఉద్దేశించి కాల్చలేదు. వాల్పోలు నేర్పుచే తప్పించుకొనలేదు. దీనిని ఆంగ్లమున చాన్సు అందురు, యాక్సిడెంటు అందురు. ఆ రెండు మాటలకును మూలము లాటిను భాషలో పడుట యను నర్థము గల ఒక్క ధాతువే.

పడుట యనగానే మనకు కాకతాళీయము జ్ఞప్తికి వచ్చును. కాకి తాటిచెట్టుపై వ్రాలుటయు, పండు రాలుటయు ఒక్కసారియే జరిగినవి. కాకి చేసినదేమియు లేదు. ఘుణాక్షర న్యాయము మరియొకటి. కొయ్యను తొలుచు పురుగు దారిలో అక్షరమువంటి గీత యేర్పడును. పురుగునకు ఓనమాలు రావు. ఇట్లు మన భాషలో యాదృచ్ఛికమునకు మాటలు కొదువ లేదు. కాని వాల్పోలు కల్పించిన మాట ఈ రెంటిలో దేనికిని సరిపోదు. ఎందుచేతనో ఆయన యుత్తరమే చెప్పును.

బియాంకా కపెల్లో యనునామె వెనిసు నగరపు కులీన స్త్రీ. టస్కనీ ప్రభువైన ఫ్రాంచెస్కో మెడిచిని పరిణయమాడి 1587లో మరణించినది. ఆమె చిత్రపటమునందు వాల్పోలునకు చిరకాలముగా కోరిక. మాన్ దానిని సంపాదించి ఫ్లారెన్సునుండి పంపించెను. పటము చేరిన పిమ్మట వాల్పోలు వెనిసు వంశచిహ్నముల పాతపుస్తక మొకటి తిరుగవేయుచుండెను. కపెల్లో వంశమునకు అందు రెండు చిహ్నములు కనబడినవి. ఒకదానిలో నీలపు గోళముమీద కలువవంటి పువ్వు కలదు. ఆ గోళము మెడిచీల చిహ్నములోనిదని ఆయనకు తెలియును. వివాహసంబంధమును పురస్కరించుకొని అల్లునివారే దానిని కపెల్లోలకు ప్రసాదించియుందురని వెంటనే ఊహించెను. ఆయన దానిని వెదకుచు పుస్తకము తెరువలేదు. కాని తెలియనివాని కన్నులకు అది వట్టి నీలపుచుక్క. ఈ రీతిగా వెదకనిదానిని కనిపెట్టుటకే సెరెండిపిటీ యని పేరు పెట్టుచున్నానని మానునకు వ్రాసెను.

ఆ పేరెక్కడిది? సెరెండిప్పునకు చెందిన మువ్వురు రాజకుమారులను గూర్చి ఒకప్పుడు చదివిన కథనుండి తీసికొంటినని ఆయనయే వివరించెను. ఇచ్చట మన విద్యార్థులు కొంచెము నిలువవలెను. సెరెండిప్పనగా సరందీబు. అరబ్బులును పారసీకులును సింహళద్వీపమునకు పెట్టిన పేరది. సింహళద్వీప శబ్దమే నోట నోట అరిగి ఆ రూపము దాల్చినది. ఆ కథయు మన దేశమునకు అన్యము గాదు. ఢిల్లీ సుల్తానుల ఆస్థానమందు కవియైన అమీర్ ఖుస్రో 14వ శతాబ్ద్యారంభమున పారసీకమున రచించిన హష్త్ బిహిష్త్ కావ్యములో అది కలదు. అచ్చటినుండి 1557లో వెనిసునందు ఇటాలియను భాషలో అచ్చయి, ఫ్రెంచిలోనికి మారి, 1722లో ఆంగ్లములోనికి వచ్చెను.

రాజకుమారులు దారిని పోవుచు, తమకు ముందు ఒక ఒంటె నడచినదనియు, దానికి ఒక కన్ను లేదనియు, ఒక పన్ను లేదనియు, కుంటిదనియు, ఒక ప్రక్క వెన్నయు ఒక ప్రక్క తేనెయు మోయుచున్నదనియు చెప్పిరి. ఒంటెను పోగొట్టుకొన్నవాడు వీరే దొంగలని రాజునకు మొరపెట్టెను. ఒంటెను మేము చూడనే లేదని వారు విన్నవించిరి. దారికి ఒక వైపున గడ్డి బాగుగా నున్నను, బాగులేని రెండవ వైపుననే మేసియుండెను. నమలిన గడ్డిముద్దలు పంటి సందున జారినట్లు పడియుండెను. ఒక కాలి జాడ ఈడ్చినట్లుండెను. ఒక ప్రక్క చీమలు, ఒక ప్రక్క ఈగలు మూగియుండెను. ఇంతలో ఒంటె దొరకుటచే రాజు వారిని విడిచి గౌరవించెను. ఇంతటి కథలో వాల్పోలునకు జ్ఞాపకమున్నది ఒక కంటి సంగతి మాత్రమే. ఒంటెను గూడ కంచరగాడిదను చేసివైచెను. ఆయన జ్ఞాపకశక్తి ఎట్లున్నను మాట మాత్రము నిలిచినది.

దారిన గడ్డి యుండుట యాదృచ్ఛికము. ఆ గడ్డి చెప్పినదానిని చదువుట బుద్ధి. ఈ రెండును కలిసినగాని సెరెండిపిటీ కాదని ఆయన స్పష్టముగా చెప్పెను. వెదకుచున్నది దొరకినచో అది వేరు. కావుననే వెదకబోయిన తీగ కాలికి తగిలినట్లను మన సామెత దీనికి దగ్గరగా వచ్చియు చేరజాలదు. ఆ తీగను మనము వెదకుచునే యుంటిమి గదా! వాల్పోలు మరియొక దృష్టాంతమును గూడ వ్రాసెను. షాఫ్ట్సుబరీ ప్రభువు ఒకనాడు క్లారెండను ప్రభువు నింట భోజనమునకు పోయి, ఆ యింటి తల్లి తన కూతురునకు బల్లయొద్ద చూపు మర్యాద కనిపెట్టి, ఆ పిల్లకు రాజుగారి తమ్మునితో రహస్యముగా వివాహమైనదని గ్రహించెనట. భోజనమునకు పోయినవాడు రాజ్యరహస్యముతో తిరిగివచ్చెను. మా యభిప్రాయమున ఒంటె కథ కన్న ఇదియే మంచి దృష్టాంతము. ఒంటె కథలో బుద్ధి మిక్కుటము, యాదృచ్ఛికము తక్కువ.

పదేండ్లు గడచినవి. 1764 జూనులో వాల్పోలునకు ఒక కల వచ్చెను. పాతకోటలో మెట్ల పైభాగమున కవచము తొడిగిన బ్రహ్మాండమైన చేయి యొకటి కనబడెను. మరునాడే కలము పట్టి, రెండు నెలలలో ఒట్రాంటో దుర్గమను కథను ముగించెను. కాని తన పేరు పెట్టలేదు. ప్రాచీనమైన ఇటాలియను గ్రంథమునకు ఇది భాషాంతరీకరణమని కల్పితనామములతో ఆ సంవత్సరాంతమున ప్రకటించెను. పాఠకులు నమ్మిరి, పుస్తకము అమ్ముడుపోయెను. 1765లో రెండవ ముద్రణమునందు తానే కర్తనని ఒప్పుకొనెను. భయానక కథలకు ఆంగ్లమున అదియే మూలపురుషుడు. ఎవరును ఆయనను శిక్షింపలేదు, వేడుక చేసెననుకొనిరి.

1769 మార్చిలో బ్రిస్టలు నగరమునుండి ఆయనకొక యుత్తరము వచ్చెను. 15వ శతాబ్ది సన్న్యాసి యొకడు వ్రాసిన పద్యములును, చిత్రకళను గూర్చిన వ్రాతలును పాత దేవాలయమున దొరకినవనియు, వానిని పంపుచున్నాననియు అందు కలదు. వాల్పోలు సంతసించి మిక్కిలి మర్యాదగా ప్రత్యుత్తరమిచ్చెను. అంతట రెండవ యుత్తరమున, వ్రాసినవాడు పేద వితంతువు కుమారుడనియు, వకీలునొద్ద వ్రాతపని నేర్చుకొనువాడనియు తెలిసెను. పేరు థామసు చాటర్టను, వయస్సు పదునారేండ్లు. వాల్పోలు ఆ పద్యములను గ్రేకు చూపగా, ఇవి పాతవి కావు, కల్పితములని గ్రే తేల్చెను. తల్లిని పోషించుటకై వకీలు పని విడువవలదని వాల్పోలు ఆ బాలునకు హితము చెప్పెను. కాగితములు తిరిగి పంపుమని చాటర్టను పలుమార్లు అడుగగా, కొంతకాలమునకు ఒక్క మాటయైనను జతచేయక తిప్పిపంపెను. చాటర్టను 1770 ఏప్రిలులో లండనునకు పోయి పత్రికలకు వ్రాసి బ్రదుకజూచెను. ఆగస్టు 24వ తేదీన, పదునెనిమిదేండ్లు నిండకయే, అద్దెగదిలో విషమువలన మరణించెను. మరుసటి సంవత్సరము చిత్రకారుల విందులో గోల్డుస్మితు చెప్పగా గాని ఆ సంగతి వాల్పోలునకు తెలియలేదు.

లోకులు వాల్పోలును హంతకునిగా నిందించిరి. అది అన్యాయము. ఆయన ఆ బాలుని ఎన్నడును చూడలేదు. చాటర్టను లండనునకు వచ్చుటకు ఆయన కారణము గాదు. ఆయన చెప్పిన హితము ఏ పెద్దయైనను చెప్పునట్టిదే. 1779లో తన సమర్థనమును అచ్చువేయించెను. అయినను ఆ సమర్థనమునకు లొంగనిది యొకటి కలదని మాకు తోచుచున్నది. ఆ పద్యములలో కల్పితమైనది కాలము మాత్రమే, కవిత్వము నిజమైనది. పాతకాలపు వ్రాతలను వెదకువాడు, అవి పాతవి కావని తెలియగానే కాగితములను ప్రక్కనబెట్టెను. వెదకనిది, అనగా పదునారేండ్ల కవి, ఆ కాగితములలోనే యుండెను. పూర్వకర్త పేరు కల్పించుట తప్పందుమా, ఒట్రాంటో విషయమున తానును అదియే చేసెను గదా! గ్రే పరీక్షించెను, వాల్పోలు పరీక్షించెను. నీలపు గోళముమీది పువ్వును చదివిన ఆ కన్ను దీనిని చదువలేకపోయెను. పిమ్మట ఆయనయే చాటర్టను ప్రతిభను గొప్పగా కొనియాడెను గాని, అప్పటికి వినువాడు లేడు.

శేషజీవితమును క్లుప్తముగా చెప్పెదము. 1765లో పారిసునందు దెఫాన్ అను అంధురాలైన వృద్ధ విదుషితో స్నేహము కలిగి, 1780లో ఆమె మరణించువరకు ఉత్తరములు సాగెను. ఆమె పెంచిన కుక్కను ఆమె కోరిక ప్రకారము తెప్పించి పోషించెను. కీళ్లవాతము ఆయనను కుర్చీకి కట్టివైచెను. 1791లో అన్నకుమారుడు సంతానము లేక చనిపోగా ఆర్ఫర్డు ప్రభువను బిరుదు తనకు సంక్రమించినది. దానివలన ఆయనకు చిక్కులే గాని సుఖము లేదు. 1797 మార్చి 2వ తేదీన లండనులో మరణించెను. వివాహమాడలేదు. స్ట్రాబెరి హిల్ గృహము బాగుచేయబడి 2010లో జనులు చూచుటకు మరల తెరువబడినది.

మాట మాత్రము ఆ యుత్తరములోనే చాలకాలము నిద్రించెను. మానునకు వ్రాసిన యుత్తరములు 1833లో అచ్చయినప్పుడు గాని బయటికి రాలేదు. పిమ్మటను అర్ధశతాబ్దికి పైగా పుస్తకప్రియులే దానిని వాడుచుండిరి. 20వ శతాబ్దిలో శాస్త్రజ్ఞులు చేపట్టిరి. హార్వర్డు శరీరశాస్త్రజ్ఞుడు వాల్టరు కానన్ 1945లో అచ్చయిన తన గ్రంథమున దీనికి ఒక ప్రకరణమే కేటాయించెను. రాబర్టు మెర్టను, ఎలినారు బార్బరు అను ఇరువురు విద్వాంసులు ఈ యొక్క మాట చరిత్రనే గ్రంథముగా రచించి 1958లో ముగించిరి. అది ఆంగ్లమున అచ్చగుట 2004లో! శాస్త్రజ్ఞులకు ఈ మాట అవసరమైన కారణము స్పష్టము. 1928లో లండనులోని ఆసుపత్రి ప్రయోగశాలయందు అలెగ్జాండరు ఫ్లెమింగు సెలవులనుండి తిరిగివచ్చి చూడగా, సూక్ష్మజీవులు పెంచిన గాజుపళ్లెములో బూజు పట్టియుండెను. బూజు పట్టుట యాదృచ్ఛికము. ఆ బూజుచుట్టు సూక్ష్మజీవులు నశించుట చూచి, పళ్లెమును కడిగివేయక పరిశీలించుట రెండవ సగము. పెనిసిలిను అందుండి వచ్చినది.

నేడు ఈ మాట వాడుక పలుచబడినది. లాటరీలో సొమ్ము వచ్చినను, రైలుస్టేషనులో పాతమిత్రుడు కనబడినను సెరెండిపిటీ యనుచున్నారు. మొదటిది వట్టి అదృష్టము, రెండవది కాకతాళీయము. పత్రికలును అట్లే వ్రాయుచున్నవి గనుక, కొంతకాలమునకు నిఘంటువులే లొంగవచ్చును. భాష యెవరి యాజ్ఞకును లోబడదు.

ఆ ప్రశ్న యడిగిన విద్యార్థి మా పాఠశాల విడిచి చాలకాలమైనది. మరునాడే తరగతిలో దిద్దవలసిన తప్పును, పరీక్షల తొందరలో మేము దిద్దలేదు. ఈ సంచిక ఆతని చేతికి చేరునేని, ఆ నోటుపుస్తకము ఇంకను ఉండునేని, ఆ మాట యెదుట వ్రాసికొన్నదానిని కొట్టివేసికొనవలెనని కోరుచున్నాము.